ఎస్టీమ్ మానిఫోల్డ్ పెద్దది చేసి పాలిష్ పెట్టిస్తే పికప్ పెరుగుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2004 మోడల్ మారుతి ఎస్టీమ్ కారు, ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్‌కీ విడిగా ఇంజెక్టర్ ఉండే) 16 వాల్వ్ ఇంజన్, లక్షా పది వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద లారీని దాటేటప్పుడు బండి లాగడం లేదు. ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల భాగం, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, విప్పి లోపల దారులు పెద్దవి చేసి, అద్దంలా పాలిష్ పెడితే 15 హార్స్‌పవర్ పెరుగుతుందని ఒక మెకానిక్ చెప్పాడు. 18 వేలు అడిగాడు. చేయించాలా?

వద్దండీ. దారులు పెద్దవి చేయించకండి, అద్దం పాలిష్ అసలే వద్దు. ఆ మానిఫోల్డ్ మీద చేయించదగ్గ పని ఒకటుంది. మానిఫోల్డ్ నోరు, మధ్యలో లీక్ కాకుండా పెట్టే గ్యాస్కెట్, హెడ్ (వాల్వులుండే ఇంజన్ పై భాగం) లోకి గాలి వెళ్లే రంధ్రమైన హెడ్ పోర్టు, ఈ మూడూ కలిసే చోట అంచులు సరిగ్గా కూర్చోబెట్టి, ఎక్కడా గాలి లీక్ లేకుండా బిగించడం. దానివల్ల బండి సాఫీగా లాగుతుంది, ఐడిల్ (బండి ఆగి ఉండగా ఇంజన్ తిరగడం) నిలకడగా ఉంటుంది, ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు రెండు మూడు హార్స్‌పవర్ వస్తే సంతోషించాలి. అది కూడా కింద చెప్పిన పరీక్షలు అయ్యాకే. లక్ష దాటిన ఇంజన్ లాగకపోవడానికి మానిఫోల్డ్ కారణం కావడం నా అనుభవంలో చాలా అరుదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా హెడ్ పని చేస్తున్నాను. వాల్వ్ సీట్లు కోయడం, గైడ్లు మార్చడం, హెడ్ ఫేసింగ్ (ముఖం చదును చేయడం), పోర్టింగ్ (గాలి దారులు గీకి సరిచేయడం). మీ బండిలో ఉన్న జీ13బీబీ ఇంజన్ నా టేబుల్ మీదికి లెక్కలేనన్ని సార్లు వచ్చింది. ఎస్టీమ్, జిప్సీ, మొదట్లో వచ్చిన 1.3 పెట్రోల్ స్విఫ్ట్, మూడింట్లోనూ ఇదే కుటుంబం. 74 మి.మీ. బోరు, 75.5 మి.మీ. స్ట్రోక్, 1298 సీసీ. ఎస్టీమ్‌లో 85 హార్స్‌పవర్. దాని మీద 15 అంటే దాదాపు 18 శాతం. మానిఫోల్డ్ ఒక్కటి గీకితే అంత రాదు. వాల్వులు తెరిచే క్యామ్ మార్చి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ హెడర్ గొట్టాలు పెట్టి, కంప్రెషన్ పెంచి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ కూడా ట్యూన్ చేస్తే తప్ప ఆ అంకె కనపడదు.

ఈ పాలిష్ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబితే మీకు విషయం సగం అర్థమవుతుంది. మా తరం చేతులు తిరిగింది ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బళ్ల మీద. టూ స్ట్రోక్ సిలిండర్‌లో పోర్టే వాల్వు. పోర్టు అంచు ఒక మిల్లీమీటరు పైకి గీకితే అది ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో కూడా మారిపోతుంది. అందుకే గ్రైండర్ పట్టుకున్నవాడికి బండి వెంటనే తేడా చూపించేది. అదే నమ్మకం ఫోర్ స్ట్రోక్ కార్ల మీదికి వచ్చేసింది. ఇక్కడ టైమింగ్ అంతా క్యామ్ చేతిలో ఉంది. మానిఫోల్డ్ ఎంత గీకినా వాల్వు ఒక్క డిగ్రీ ముందు తెరుచుకోదు.

ఇక పెద్దది చేస్తే ఎందుకు నష్టమో చెబుతాను. 6000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 6000 చుట్లు) దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 50 సార్లు గాలి పీలుస్తుంది. ఇన్‌టేక్ వాల్వ్ సుమారు 240 డిగ్రీలు తెరిచి ఉంటుందనుకుంటే, దొరికే సమయం ఏడు మిల్లీసెకన్లు కూడా లేదు. ఆ కొద్ది సమయంలో గాలి కదలాలి, వేగం అందుకోవాలి, లోపలికి దూరాలి. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి రావడం మొదలుపెట్టాక కూడా వాల్వు కాసేపు తెరిచే ఉంటుంది. బ్రేక్ వేసినా లోడు లారీ ఇంకొంచెం ముందుకు జారినట్టు, వేగంగా వస్తున్న గాలి ఆ సమయంలోనూ లోపలికి దూసుకుపోతుంది. ఇంజన్‌కి దొరికే అదనపు గాలి అదే. వేగం తగ్గిందా, పైకి వస్తున్న పిస్టన్ ఆ గాలిని వెనక్కి నెట్టేస్తుంది.

లెక్క చూడండి. ఉదాహరణకి 32 మి.మీ. దారిని 35 చేశారనుకుందాం. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వైశాల్యం 20 శాతం పెరిగింది. అదే ఆర్‌పీఎమ్‌లో గాలి వేగం 16 శాతం తగ్గింది. ఆ గాలిలో ఉండే తోపుడు శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది 30 శాతం పడిపోయింది. మీరు లారీని దాటేది నాలుగో గేరులో, 2500 నుంచి 4000 ఆర్‌పీఎమ్ మధ్యలో. సరిగ్గా అక్కడే దెబ్బ తగులుతుంది. మా వైపు రైతులకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పంట కాలువ మరీ వెడల్పు చేస్తే నీటి నడక తగ్గి ఒండ్రు పడిపోతుంది. ఇంజన్‌లో ఒండ్రు బదులు పెట్రోల్ చుక్కలు గోడకి అంటుకుని పడిపోతాయి.

పొడవుకి కూడా ఒక లెక్క ఉంది. వాల్వు తెరుచుకోగానే పుట్టే ఒత్తిడి అల మానిఫోల్డ్ గొట్టం వెంట వెనక్కి పోయి, పెద్ద గదిలాంటి ప్లీనమ్ దగ్గర తిరిగి వాల్వు వైపు వస్తుంది. ఆ తిరిగొచ్చే అల వాల్వు మూసుకునే ముందు చేరితే గాలిని లోపలికి నెడుతుంది. మన వేడిలో శబ్దం వేగం సెకనుకి 350 మీటర్లు అనుకోండి. దారి పొడవు 40 సెంటీమీటర్లయితే పోయి రావడానికి 2.3 మిల్లీసెకన్లు. 6000 దగ్గర ఆ లోపు క్రాంక్ 82 డిగ్రీలు తిరుగుతుంది, 3000 దగ్గర 41 డిగ్రీలే. అంటే ఒకే పొడవు అన్ని వేగాల దగ్గరా కలిసిరాదు. పొడుగు గొట్టం కింది లాగుడికి, పొట్టి గొట్టం పై పరుగుకి. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 300ఎఫ్ కారుకి 30 అంగుళాల పొడవైన ఇన్‌టేక్ గొట్టాలు పెట్టింది. రేసు మనుషుల కోసం అదే మానిఫోల్డ్‌లో లోపలి అడ్డుగోడ కొంత తీసేసి 15 అంగుళాల గొట్టంలా పనిచేసేట్టు ఇంకో రకం కూడా ఇచ్చింది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. బలం మాత్రం ఇంకా పై ఆర్‌పీఎమ్‌కి వెళ్లిపోయింది. కాబట్టి మీ మెకానిక్ ప్లీనమ్ లోపల గొట్టాల మొదళ్లు కోసేస్తానంటే ఒప్పుకోకండి. ఊళ్లో తిరిగే కారుకి ఉన్న పొడవే మేలు.

అద్దం పాలిష్ సంగతి. మీ ఇంజన్‌లో ఇంజెక్టర్ హెడ్‌కి దగ్గరగా ఉండి వాల్వు వెనక భాగం మీదికి పెట్రోల్ చల్లుతుంది. మానిఫోల్డ్‌లో ఎక్కువ భాగంలో నడిచేది ఉత్త గాలి. గోడకి ఆనుకుని ఉన్న పల్చటి గాలి పొర ఎటూ నెమ్మదిగానే కదులుతుంది, కింద గోడ మెరిసినా మెరవకపోయినా దానికి తేడా లేదు. పోతలో మిగిలిపోయిన ముద్దలు, గీతలు తీసేసి 80 నంబర్ ఎమరీతో వదిలేస్తే చాలు. ఇంజెక్టర్ దగ్గర, హెడ్ పోర్టులో అయితే ఆ కాస్త గరుకు ఉండటమే మంచిది. నున్నటి గోడ మీద పెట్రోల్ చుక్కలు కలిసి ధారలా కారతాయి. గరుకు గోడ మీద చెదిరి గాలిలో కలుస్తాయి. కార్బురేటర్ బళ్లలో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ మానిఫోల్డ్ అంతా తడిగానే ఉంటుంది.

ఒక బండి గురించి చెప్పాలి. మూడేళ్ల క్రితం ఏలూరు వైపు నుంచి ఒకాయన ఎస్టీమ్ తెచ్చారు. వేరే ఊళ్లో ఒక షాపులో మానిఫోల్డ్ పోర్టింగ్ చేయించారట. పని చూడటానికి చాలా అందంగా ఉంది, లోపల వేలు పెడితే జారిపోతోంది. కానీ పొద్దున్నే స్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు మిస్సింగ్, రెండో గేరులో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే వెనక ఎవరో పట్టుకున్నట్టు. విప్పి చూస్తే మానిఫోల్డ్ నోరు హెడ్ పోర్టు కంటే చుట్టూ దాదాపు రెండు మిల్లీమీటర్లు పెద్దది చేసేశారు. అంటే పరుగెత్తుకొచ్చే గాలికి ఎదురుగా హెడ్ అంచు గోడలా నిలబడి ఉంది. ఇంజెక్టర్ చల్లిన పెట్రోల్ కొంత ఆ అంచు మీదే పేరుకుంటోంది. నల్లటి మరక స్పష్టంగా కనపడింది. ఆయన అంతకుముందు నాలుగో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో ఫోనులో చూసుకునే అలవాటున్న మనిషి. పోర్టింగ్‌కి ముందు పన్నెండు సెకన్లు, తరవాత పద్నాలుగుకి దగ్గర. గీకేసిన అల్యూమినియం మళ్లీ రాదు కదా. పాత బండి నుంచి తీసిన కంపెనీ మానిఫోల్డ్ ఒకటి వెతికి పెట్టి, అంచులు మాత్రం కలిపి ఇచ్చాను. మళ్లీ పన్నెండు లోపుకి వచ్చింది. ఆయన రెండుసార్లు డబ్బు పెట్టింది మొదటున్న చోటికి రావడానికి. అందుకే మీ ప్రశ్న చూడగానే ఇంత వివరంగా రాయాలనిపించింది.

ముందు చేయవలసిన పరీక్షలు. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పెట్టి చూడండి. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించండి, ఒకదానికి ఒకటి బాగా తేడా ఉంటే మానిఫోల్డ్ మాట మరిచిపోండి. వాల్వ్ క్లియరెన్స్, టైమింగ్ బెల్టు మార్కులు, క్లచ్ జారుతోందేమో, పొగ గొట్టంలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందేమో, ఇవి కూడా చూపించండి. తరవాత మానిఫోల్డ్‌కి వ్యాక్యూమ్ గేజ్ (లోపల గాలి లాగుడు ఎంతుందో పాదరసం అంగుళాల్లో చూపించేది) తగిలించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ ఐడిల్‌లో 18 నుంచి 21 అంగుళాలు చూపించి ముల్లు కదలకుండా నిలబడుతుంది. హైదరాబాద్‌లో అయితే ఎత్తు వల్ల ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువ చూపిస్తుంది, కంగారు పడొద్దు. అదే గేజ్ గొట్టాన్ని కిటికీ లోంచి లోపలికి తెచ్చుకుని, పక్కన ఇంకో మనిషిని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి. ముల్లు దాదాపు సున్నాకి వచ్చేస్తే ఫిల్టరు, యాక్సిలరేటర్ నొక్కితే తెరుచుకునే త్రాటిల్ బాడీ గాలిని ఆపడం లేదని అర్థం. అప్పుడు పెద్ద త్రాటిల్ బాడీ అమ్ముతామనేవాళ్లకి డబ్బులివ్వక్కర్లేదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో కూడా రెండు మూడు అంగుళాలు మిగిలితే అడ్డం ముందు భాగంలో ఉన్నట్టు.

వేడి గురించి ఎవరూ మాట్లాడరు, మన దగ్గర అదే పెద్ద దొంగ. గాలి వేడి 25 నుంచి 45 డిగ్రీలకి పెరిగితే సాంద్రత 6 శాతం పైగా తగ్గుతుంది. మే నెలలో బెజవాడలో బానెట్ కింద ఇంకా ఎక్కువ వేడి. ఫిల్టర్ బాక్సుకి గాలి తెచ్చే ముందు గొట్టం చాలా పాత ఎస్టీమ్‌లలో ఊడిపోయో, పగిలిపోయో ఉంటుంది. రేడియేటర్ వెనక వేడి గాలే ఇంజన్ పీలుస్తూ ఉంటుంది. ఆ గొట్టం సరిగ్గా పెట్టించండి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ గాలి ఒత్తిడి మన కోస్తా కంటే 5 శాతానికి పైగా తక్కువ. ఒకే బండి ఊరు మారితే, ఎండ మారితే పోయే బలం మానిఫోల్డ్ పనితో వచ్చే బలం కంటే ఎక్కువ. అందుకే ఒక సాయంత్రం నడిపి చూసి పెరిగింది, తగ్గింది అని తేల్చుకోవద్దు. అదే రోడ్డు, అదే వేళ, రెండు వైపులా నడిపి టైము చూసుకోండి.

ఇవన్నీ బాగుండి, ఏ కారణానికో మానిఫోల్డ్ ఎటూ విప్పుతున్నారనుకుందాం. అప్పుడు అంచులు కలిపే పని ఎలా చేయాలంటే:

కొత్త గ్యాస్కెట్ మంచిది కొనండి. చవక గ్యాస్కెట్‌లో రంధ్రం పోర్టు కంటే చిన్నదిగా ఉండి, అంచు రెండు మూడు మిల్లీమీటర్లు దారిలోకి పొడుచుకు రావడం చాలాసార్లు చూశాను. ఒక జిప్సీలో ఐడిల్ ఊగిసలాటకి నాలుగు సెన్సర్లు మార్చారు, చివరికి దొరికిన దోషం ఆ గ్యాస్కెట్ అంచే. ముందు మానిఫోల్డ్ ముఖం మీద స్కేలు నిలబెట్టి ఫీలర్ గేజ్‌తో వంపు చూడాలి. 0.10 మి.మీ. దాటితే ఫేసింగ్ చేయాలి. ముఖానికి మార్కింగ్ బ్లూ పూసి, గ్యాస్కెట్ స్టడ్‌ల స్థానంలో సరిగ్గా కూర్చోబెట్టి, స్క్రైబర్‌తో రంధ్రం చుట్టూ గీత గీయాలి. హెడ్ వైపు కూడా అలాగే. ఇప్పుడు రెండు ముఖాల మీద ఎవరి అంచు ఎవరి లోపలికి వస్తోందో కళ్లకి కనపడుతుంది. సాధారణంగా నాలుగు పోర్టుల్లో రెండు బాగానే ఉంటాయి, ఒకటి రెండు ఒక పక్కకి జరిగి ఉంటాయి. జరిగిన పక్క మాత్రమే గీకాలి. డై గ్రైండర్‌లో కార్బైడ్ బర్‌తో మొదలుపెట్టి, ఎమరీ రోల్‌తో ముగించి, నోటి నుంచి లోపలికి రెండు మూడు సెంటీమీటర్ల వరకు వాలుగా కలిపేయాలి. అల్యూమినియం బర్ పళ్లలో ఇరుక్కుంటుంది, మధ్య మధ్యలో కిరోసిన్ చుక్క వేసుకోవాలి. కంటి కంటే వేలు నమ్మకం. చూపుడువేలు లోపలి నుంచి బయటికి లాగితే గోరుకి ఏదీ తగలకూడదు.

మానిఫోల్డ్ నోరు హెడ్ పోర్టు కంటే ఎప్పుడూ పెద్దది కాకూడదు. సమానంగా కుదరకపోతే చుట్టూ అర మిల్లీమీటరు చిన్నదిగా ఉంచండి. గాలి చిన్న నోటి నుంచి పెద్ద నోట్లోకి పోతే పెద్ద నష్టం లేదు, వెనక్కి తన్నే గాలిని ఆ చిన్న మెట్టు కాస్త ఆపుతుంది కూడా. స్టడ్ రంధ్రాల్లో ఆట ఉంటుంది కాబట్టి ఎంత కలిపినా బిగించేటప్పుడు మానిఫోల్డ్ కిందికి జారవచ్చు. నేను రెండు చివర్లా చిన్న డోవెల్ పిన్నులు వేస్తాను, మళ్లీ ఎన్నిసార్లు విప్పినా అదే చోట కూర్చుంటుంది.

చివర్లో నాలుగు దారులూ కొలుస్తాను. ఒక నోరు అద్దం పలకతో గ్రీజు పెట్టి మూసి, పెద్ద సిరంజితో కిరోసిన్ పోసి ఎన్ని సీసీ పట్టిందో రాసుకోవడం. నాలుగింటికీ దగ్గర దగ్గరగా ఉండాలి. అతి సామాన్యమైన పద్ధతి, కానీ ఎక్కడ ఎక్కువ గీకారో వెంటనే చెప్పేస్తుంది.

రెండు జాగ్రత్తలు. ఈ మానిఫోల్డ్‌లో కూలెంట్ దారి కూడా ఉంది. ఆ పక్కన, ఇంజెక్టర్ కూర్చునే దిమ్మ (బాసు) కింద గోడ ఎంత మందం ఉందో క్యాలిపర్‌తో చూడకుండా గీకితే చిల్లు పడుతుంది, ఇన్‌టేక్‌లోకి నీళ్లు వస్తాయి. రెండోది, హెడ్ బండి మీద ఉండగా దాని పోర్టుల్లో గ్రైండర్ పెట్టనివ్వకండి, గుడ్డలు కుక్కి చేస్తామన్నా సరే. ఒక కుర్రాడి బండిలో అలా చేసిన తరవాత మూడో సిలిండర్ బోరు నిండా గీతలు పడి నా దగ్గరికి వచ్చింది. రీబోరింగ్ దాకా వెళ్లింది. హెడ్ విప్పే ఉద్దేశం లేకపోతే మానిఫోల్డ్ వైపు మాత్రమే సరిచేయించి, సబ్బు నీళ్లతో కడిగి, గాలి కొట్టి, మళ్లీ కడిగి బిగించండి. నట్లు మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌తో, రెండు విడతల్లో.

పని ఎక్కువ చేసినవాళ్లకి ఇంకో మాట. మీ ఈసీయూ గాలిని నేరుగా కొలవదు. మానిఫోల్డ్ ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్ ఆధారంగా ఇంత గాలి వచ్చి ఉంటుందని లెక్క కడుతుంది. మామూలు నడకలో ఆక్సిజన్ సెన్సర్ తేడాని సర్దేస్తుంది. ఫుల్ యాక్సిలరేటర్‌లో ఆ సర్దుబాటు ఉండదు. గాలి నిజంగా పెరిగితే పెట్రోల్ చాలక నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం) వస్తుంది, పిస్టన్ పోతుంది. అంచులు కలిపినంత మాత్రాన ఆ భయం లేదు. పోర్టింగ్, క్యామ్ దాకా వెళ్లేవాళ్లు మాత్రం పొగలో ఆక్సిజన్‌ని చూసే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి ఫుల్ లోడ్‌లో పెట్రోల్‌కి గాలి నిష్పత్తి 12.5 నుంచి 13 మధ్య ఉందో లేదో చూడకుండా రోడ్డెక్కవద్దు. అలాంటి పని రేసు ట్రాక్ బళ్లకి ఉంచితే మంచిది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ దగ్గర కూడా ఇది అడ్డం వస్తుంది.

మీ బండి విషయానికి వస్తే, ఆ 18 వేలు జేబులోనే ఉంచుకుని ముందు కంప్రెషన్, వ్యాక్యూమ్ రీడింగులు తీయించండి తమ్ముడూ. నాలుగు సిలిండర్ల అంకెలు, ఐడిల్‌లో ముల్లు ఎక్కడ నిలబడింది, ఫుల్ యాక్సిలరేటర్‌లో ఎక్కడికి వచ్చింది, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఫిల్టర్ బాక్సు ముందు గొట్టం ఫోటో కూడా పెట్టండి. చూసి మానిఫోల్డ్ విప్పాలో వద్దో చెబుతాను.